కళ్లములోని పొట్టు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ దినములలో మన అధ్యక్ష మండల చరిత్రను గూర్చి పెద్దలనేకులు మాటలాడుచున్నారు. మాకు అప్పగింపబడిన సమయములో ఒక చిన్న మాటను మాత్రమే మీ ముందుంచగోరుచున్నాము. అది దానియేలు గ్రంథము 2వ అధ్యాయము 35వ వచనములో ఉన్నది. మన వాడుకలోనున్న తెలుగు బైబిలులో అది ‘చెత్త’ అని కనబడును. మూలములోనైతే అది కళ్లములో ధాన్యమునుండి వేరైన పొట్టును తెలుపు ఒక అరామిక్ మాట. పొట్టును గూర్చి ఇంత చెప్పుట ఎందుకని మీరనుకొనవచ్చును. కాని ఈ కర్నూలు, కడప సీమలో పొట్టు అనగానేమో తెలియని ముసలివారు లేరు. ఆ తెలివి మన బైబిలు పఠనమునకు ఎంతో సహాయము చేయునని మా నమ్మకము.

మొదట ఆ భాషను గూర్చి రెండు మాటలు. పాత నిబంధన దాదాపు అంతయు హెబ్రీ భాషలో వ్రాయబడినది. అయితే యిర్మీయా గ్రంథములో ఒక వచనము, ఎజ్రా గ్రంథములో కొన్ని అధ్యాయములు, దానియేలు 2వ అధ్యాయము 4వ వచనమునుండి 7వ అధ్యాయము చివరి వరకును అరామిక్ భాషలో ఉన్నవి. మన బైబిలు దీనినే సిరియా భాష అని పిలుచుచున్నది. పారసీక రాజుల కాలములో తాకీదులును అర్జీలును నడిచిన కచేరీ భాష ఇది. తరువాత గలిలయలోని సామాన్య జనుల ఇంటిభాషయు ఇదే. ‘తలీతాకుమీ’, ‘ఎప్ఫతా’, ‘అబ్బా’ అను మాటలు మీకు తెలిసినవే. మన ప్రభువు తల్లి ఒడిలో నేర్చిన భాషలోనివి అవి.

ఇప్పుడు మన మాటకు వచ్చెదము. అది ‘ఊర్’. మన ‘ఊరు’తో దీనికి సంబంధము లేదు. అబ్రాహాము విడిచి వచ్చిన ఊరు పట్టణముతోను సంబంధము లేదు. మొదటి అక్షరము గొంతు లోపలినుండి పలుకవలసినది, మన అక్షరమాలలో అది లేదు. ఈ మాట పరిశుద్ధ గ్రంథమంతటిలో ఒకే ఒక్కసారి వచ్చినది. మరి దాని అర్థము ఎట్లు తెలిసినది? అరామిక్‌కు చెల్లెలివంటిదైన సురియాని భాషలో ‘ఊరా’ అనగా పొట్టు. అదియుగాక ఆ వచనములోని తోడి మాటలే అర్థమును చెప్పుచున్నవి. ఆ పదబంధమంతటికి ‘వేసవి కళ్లములనుండి పొట్టువలె’ అని అర్థము. వెంటనే గాలి వచ్చుచున్నది, ఆ పొట్టును ఎత్తుకొని పోవుచున్నది, వాటికి ఎక్కడను స్థలము దొరకలేదు.

అరుదైన మాట గనుక పూర్వపు అనువాదకులు దీనిని తలయొక విధముగా తెచ్చిరి. ప్రాచీన గ్రీకు అనువాదములలో ఒకటి ‘కళ్లములోని పొట్టుకంటె సన్నముగా’ అనెను. థియొడోషన్ పేర వచ్చిన మరియొకటి ‘ధూళి’ అనెను. 4వ శతాబ్దపు చివరి భాగములో బేత్లెహేములో నివసించి పని చేసిన జెరోము లాటిన్‌లో ‘బూడిద’ అను అర్థమిచ్చు మాట వేసెను. మనవారు ‘చెత్త’ అనిరి. ధూళి, బూడిద, చెత్త, పొట్టు: ఒక్క మాటకు నాలుగు రూపములు. వీరిలో ఎవరిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. తెలుగులో దేవుని వాక్యము ఊరక రాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్ 1809లోను, అగస్టస్ దెగ్రాంజి 1810లోను ఆ పనిమీదనే ఉండి ప్రాణములు విడిచిరి. వారితో కూర్చుండి మాట మాటకు తెలుగు పలికించిన ఆనందరాయరు సహాయముతో సిద్ధమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడెను. తరువాత ఎందరో పండితులు, మిషనెరీలు తరతరములుగా దానిని దిద్దుచు వచ్చిరి. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి. పి. బ్రౌను మన సీమ పలుకుబడులను కూడ పోగుచేసి 1852లో తన నిఘంటువును వెలువరించెను. అట్టి శ్రమకు కృతజ్ఞులమై, వారు చేసిన పనినే మనమును కొనసాగించుచున్నాము. అనగా ఒక మాటను చేటలో వేసి చెరిగి చూచుచున్నాము.

తెలుగులో ఈ వస్తువులకు పేర్లు కొరత లేదు. జొన్న కోసిన తరువాత చేలో నిలిచినది కొయ్యకాలు. కంకి విరిచిన దంటు చొప్ప, అది ఎద్దుల మేత. కె.సి. కాలువ క్రింద పండిన వడ్లు ఆడించినప్పుడు వచ్చు పైపొర ఊక, లోపలి మెత్తని పొడి తవుడు. గింజ పట్టక లోపల బోలుగానున్నది తాలు, దానినే పొల్లు అనియు అందురు. గింజనుండి విడివడి గాలికి లేచునది పొట్టు. హెబ్రీ భాషలోను ఇట్టి భేదము ఉన్నది. పశువుల మేతయైన నలిగిన గడ్డి ‘తెబెన్’, చేలో నిలిచినది ‘కష్’, గాలికి పోవు పొట్టు ‘మోస్’. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు ఇటుకల కొరకు ఇయ్యక మానినది తెబెన్, దానికి బదులు వారు ఏరుకొనినది కష్. మొదటి కీర్తనలో గాలి చెదరగొట్టునది మోస్. దానియేలులోని ఊర్ ఈ మోస్‌కు సాటియైనది.

‘పొట్టు’ అను మన మాటను కూడ జాగ్రత్తగా వాడవలెను. తప్పిపోయిన కుమారుని ఉపమానములో పందులు తినినది మన బైబిలులో పొట్టు అనియే ఉన్నది. అక్కడ గ్రీకు మాట ఒక చెట్టు కాయలను తెలుపును. సురియాని బైబిలులో ఆ కాయల పేరే ఉన్నది. మన సీమలో వేసవిలో మేకలకు రాల్చి వేయు తుమ్మకాయలను తలంచుకొనినయెడల ఆ కుమారుని ఆకలి మనకు బాగుగా తెలియును. అక్కడి పొట్టు వేరు, దానియేలు చెప్పిన పొట్టు వేరు.

ఈ భేదమును తెలిసికొనుటకు కళ్లములోనికి పోవలెను. ఇప్పటి పిల్లలు నూర్పిడి యంత్రములను, తారురోడ్డుమీద పరచిన కంకులమీద లారీలు పోవుటను చూచుచున్నారే గాని పాతకాలపు కళ్లమును చూచుట అరుదు. నేలను చదునుచేసి, పేడతో అలికి, ఎండనిచ్చి, కంకులు పరచి, ఎద్దులచేత తొక్కించెడివారు, లేదా రాతిగుండు లాగించెడివారు. తరువాత గాలికొరకు కనిపెట్టెడివారు. గాలి లేనిదే పని లేదు. గాలి పుట్టగానే ఒకరు ఎత్తయిన పీటమీద నిలిచి గంపనుండి సన్నగా వంపుచుండగా మూడు వరుసలు తమంతట తామే ఏర్పడును. గట్టి గింజ వంపినవాని పాదములయొద్దనే పడును. తాలు కొంచెము అవతల పడును. పొట్టు దూరముగా కొట్టుకొని పోవును. యూదయ దేశములోను ఇట్లే. అక్కడ యవలు, గోధుమలు వసంతములో కోసి వేసవిలో నూర్చెడివారు. సముద్రమునుండి సాయంకాలపు గాలి వచ్చు వేళ బోయజు కళ్లములో తూర్పార పట్టుటను రూతు గ్రంథములో చదువుచున్నాము.

ప్రియులారా, ఇక్కడ గమనింపవలసినది ఒకటున్నది. కళ్లములో గాలి చేయు తీర్పు శుభ్రతను గూర్చినది కాదు, బరువును గూర్చినది. గింజకు మట్టి అంటియున్నను గాలి దానిని త్రోసివేయదు. పొట్టు బంగారు వన్నెతో మెరసినను గాలి దానిని నిలువనియ్యదు. లోపల ఏమున్నది అనునదే ప్రశ్న. అయితే ‘చెత్త’ అనగానే మన మనస్సులోనికి వచ్చునది బరువు కాదు, మురికి. గాలి కాదు, చీపురు. చెత్తను ఎవరో ఒకరు ఊడ్చి ఎత్తి ఊరి వెలుపల పోయవలెను. మన దేశములో ఆ చీపురు ఎవరి చేతికి ఇయ్యబడినదో, ఊరి వెలుపల ఎవరి పేట ఉండెనో, ఎవరిని చూచి ‘చెత్త జనము’ అనిరో ఈ సభలో వివరింపనక్కరలేదు. ఈ సీమ సంఘములలో అనేకుల తాతముత్తాతలు కోత కోసి, కట్టలు మోసి, కళ్లము తొక్కించి, గట్టి గింజ గాదెకు పోయిన తరువాత కళ్లపు ఊడ్పులలో తమ వంతు ఏరుకొనినవారు. వారి మనుమలు మందిరములో కూర్చుండి ‘కళ్లములోని చెత్త’ అని వినినప్పుడు, దేవుడు కూడ తమను ఊడ్చివేయుననియే తలంచిన అది ఎవరి లోపము? వాక్యమును విప్పి చెప్పవలసినవారిదే గదా!

వచనమును మరల చూడుడి. అక్కడ పొట్టుగా మారినది ఏది? ఇనుము, మట్టి, ఇత్తడి, వెండి, బంగారము. మారినవాటి వరుసలో చిట్టచివర నిలిచినది బంగారము. అది ఎవరి తల? క్రీ.పూ. 605నుండి 562వరకు ఏలిన బబులోను రాజు నెబుకద్నెజరుదే అని దానియేలు అతని యెదుటనే చెప్పెను. పేదవాడు కాదు, పరదేశి కాదు, చెరపట్టబడినవాడు కాదు. లోకము దేనిని మిక్కిలి బరువైనదని ఎంచునో ఆ బంగారమునే పరలోకపు గాలి తేలికయైనదిగా ఎత్తుకొనిపోయెను. అదే అరామిక్ భాగములో, 5వ అధ్యాయములో, బెల్షస్సరు గోడమీద వ్రాయబడిన ‘టెకేల్’ అను మాటకు కూడ త్రాసులో తూచబడుటయే అర్థము. అతడు తూచబడి తక్కువగా కనబడెను. ఊర్, టెకేల్ అను ఈ రెండును ఒక్క సంగతినే చెప్పుచున్నవి. దేవుడు మనుష్యులను మురికినిబట్టి వేరుచేయడు. ఆయన రాజ్యములను తూచును.

ప్రవక్తలయందును ఇదే స్వరము వినబడును. ఆమోసు దినములలో వర్తకులు బీదలకు అమ్మినది ఏమి? చచ్చు ధాన్యము. అక్కడి హెబ్రీ మాటకు ‘రాలిపడినది’ అని అర్థము. గట్టి గింజ ధనికునికి, జల్లెడనుండి రాలినది బీదవానికి. ఆ క్రియను మరువనని యెహోవా ప్రమాణము చేసెను. యెషయా 41వ అధ్యాయములో యాకోబు పురుగు అని పిలువబడెను. అయినను ఆ పురుగునే దేవుడు పదునైన నురిపిడి మ్రానుగా చేయుచున్నాడు. పొట్టుగా మారినవి కొండలు! బాప్తిస్మమిచ్చు యోహాను చేటను గూర్చి, పొట్టును గూర్చి హెచ్చరించినప్పుడును, అబ్రాహాము తమకు తండ్రి అని అతిశయించు పరిసయ్యులు, సద్దూకయ్యులు అతని యెదుట నిలిచియుండిరి.

దూరపు బబులోనును విడిచి మన సీమ చరిత్రలోనికి వత్తము. 1876నుండి 1878వరకు వచ్చిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరముగా దెబ్బతినెను. ఆ కరువు నడుమ, 1877 జనవరి 1న, ఢిల్లీలో వైస్రాయి లిట్టను గొప్ప దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించెను. ఆ నెలలోనే మద్రాసు రాజధానికి పంపబడిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో రాళ్లు కొట్టు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్ది చిల్లరయు చాలునని తగ్గించెను. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. ఆ కూలితో మనుష్యుడు పని చేసి బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డబ్ల్యు. ఆర్. కార్నిష్ గట్టిగా వాదింపగా కొన్ని నెలలకు అది పెంచబడెను. ఒక ప్రక్క బంగారపు తల, మరియొక ప్రక్క పౌనుకు తూచబడిన ప్రాణము.

తరువాత ఏమి జరిగెను? కరువు తగ్గుముఖము పట్టిన 1878లో, జూలై 3న, ఒక్క దినమున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒంగోలు మిషనువారి చేతులమీదుగా బాప్తిస్మము పొందిరి. మన సీమలోను, ఇతర తెలుగు జిల్లాలలోను మాలపల్లెలు, మాదిగపల్లెలు సంఘములుగా మారెను. గంజికొరకు వచ్చిరని అప్పుడు ఎగతాళి చేసినవారు ఉండిరి. అట్టివారి లెక్కలో ఈ జనము గాలికి పోవు పొట్టు. అయితే ఏది కొట్టుకొని పోయెను? దర్బారునుండి 70 ఏండ్లు గడచెనో లేదో, 1947లో ఆ చక్రవర్తిత్వము ఈ దేశమునుండి లేచిపోయెను. దానికి స్థలము దొరకలేదు. కళ్లపు ఊడ్పులు ఏరుకొనిన వారి బిడ్డలమైన మనము ఇక్కడ కూర్చుండి కీర్తనలు పాడుచున్నాము. ఎవరిలో గింజ ఉండెనో గాలియే చెప్పినది.

అయినను ఇంతటితో మనము అతిశయించి ఇంటికి పోరాదు. చేట ఇంకను ఆయన చేతిలోనే ఉన్నది. శతవార్షికోత్సవము జరుపుకొను సంఘమును కూడ ఆయన తూచును. మన గోపురములు ఎత్తయినవి, మన బడులకు, ఆసుపత్రులకు పేరున్నది, ఆస్తులున్నవి, పదవులున్నవి. వాటికొరకు పోటీలున్నవి, కొన్ని చోట్ల కోర్టు వ్యాజ్యములును ఉన్నవి. వీటిలో గింజ ఎంత, పొట్టు ఎంత? మందిరమునకు వచ్చిన విధవరాలికి మనము గట్టి గింజ ఇచ్చితిమా, రాలిపడినది ఇచ్చితిమా? మనలో కొంచెము ఎదిగినవారు ఇంకను ఎదుగనివారిని చూచి ఏ మాట పలుకుచున్నారు? ఒకప్పుడు మనవారిమీద వేయబడిన ‘చెత్త’ అను మాటను మన నోటితోనే మరియొకరిమీద వేసినయెడల, బబులోను మనలోనే ఉన్నదని తెలిసికొనవలెను.

కావున మా మనవులు మూడు. మొదటిది బోధకులకు, సండేస్కూలు ఉపాధ్యాయులకు. దానియేలు 2:35 చదువునప్పుడు, ఇది ఊడ్చివేయబడు మురికి కాదు, గాలికి నిలువని పొట్టు అని ఒక వాక్యమైనను విప్పి చెప్పుడి. రెండవది పెద్దలకు. మీకు తెలిసిన కళ్లము మాటలను, తాలు, పొల్లు, చొప్ప, తూర్పార పట్టుట అనువాటిని మీ మనుమలకు నేర్పుడి. అవి చేటతో తూర్పారబట్టినంతకాలము వాడుకలో ఉండెను, యంత్రము వచ్చిన తరువాత మెల్లగా మరువబడుచున్నవి. ఆ మాటలు పోయిన దినమున బైబిలులో సగము పోలికలు మన బిడ్డలకు మూతపడును. మూడవది మనకందరికిని. మనుష్యుని వన్నెను, పుట్టుకను, ఇంటిని చూచి వెలకట్టుట మానుదము.

చివరిగా ఒక సంగతి. గింజ లేని గింజను పొల్లు అందుమని చెప్పితిమి గదా. అచ్చు లేని హల్లునకు కూడ మన భాషలో పొల్లు అనియే పేరు. మన వ్యాకరణము అచ్చులను ప్రాణములు అని పిలుచుచున్నది గనుక, ప్రాణము లేని అక్షరము పొల్లు. మత్తయి 5:18లో మన ప్రభువు ధర్మశాస్త్రమును గూర్చి సెలవిచ్చిన మాటను తెనిగించినప్పుడు మన అనువాదకులు ఈ పొల్లును, దానితో సున్నను ఏరుకొనిరి. ఆలోచింపుడి! రాజుల బంగారము పొట్టువలె పోవును, ఆయన వాక్యములో పొల్లు సహితము పోదు. మనుష్యులు పొల్లు అని త్రోసివేసినవారిలో ప్రాణము పోయుట ఆయనకు కొత్త కాదు. ఆ ప్రాణము మనయందును, రాబోవు నూరేండ్ల సంఘమందును నిండి, గాలి పుట్టిన దినమున మనము ఆయన పాదములయొద్ద పడు గట్టి గింజలుగా కనబడునట్లు ప్రభువు తన కృపను మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.